మీ ఊరి సీసీ రోడ్డు లెక్క మీరే తీయడం ఎలా

రాజకీయ అవినీతి అనగానే మనకు ముందుగా పెద్ద ప్రాజెక్టులే గుర్తుకు వస్తాయి. 2023 అక్టోబరు 21న జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగిన తరువాత ఉత్తర తెలంగాణలో ఏ హోటల్ బల్ల దగ్గర కూర్చున్నా చాలా కాలం అదే చర్చ నడిచింది. అంత పెద్ద పనిలో ఏం జరిగిందో విచారించడానికి న్యాయ కమిషన్ వేయవలసి వచ్చింది. మన గడప ముందు నుంచి పోయే సీసీ రోడ్డు లెక్క తీయడానికి మాత్రం ఒక టేపు, పది రూపాయలు, కొన్ని నెలల ఓపిక చాలు. ఈ వ్యాసం ఆ చిన్న పని గురించే.

ముందుగా డబ్బు ఎక్కడ తగ్గుతుందో తెలుసుకోవాలి. శాసనసభ అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు మన రాష్ట్రంలో పరిమితి 40 లక్షల రూపాయలు. అసలు ఖర్చు ఆ గీత దగ్గర ఆగుతుందని నమ్మేవారు మన జిల్లాల్లో ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నిక సమయంలో తమకు డబ్బు కవర్లు అందలేదని కొందరు ఓటర్లు రోడ్డెక్కినట్లు పత్రికల్లో వచ్చింది. కవరు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం నేరమే. ఇలా పెట్టిన డబ్బును తిరిగి రాబట్టుకునే మార్గాల్లో పనుల కేటాయింపు ఒకటి. పని అనుచరుడికి వెళ్తుంది, పర్సంటేజీ పైకి వెళ్తుంది, తగ్గిన మేరకు సిమెంటు, కంకర తగ్గుతాయి. నాణ్యంగా చేయగల కాంట్రాక్టరు అలాంటి టెండరు జోలికి రాడు కాబట్టి, నష్టం ఆ ఒక్క రోడ్డుతో ఆగకుండా ఆ తరువాతి పనులన్నింటికీ పాకుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో రోడ్డు వేయాలని ఎస్టిమేట్‌లో ఉందనుకుంటే దానికి 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు కావాలి. వేసినది 10 సెంటీమీటర్లే అయితే 30 క్యూబిక్ మీటర్లే పడినట్లు. మూడింట ఒక వంతు కాంక్రీటు కాగితం మీదే ఉండిపోయింది. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా కనిపిస్తాయి, తేడా రెండు వానాకాలాల తరువాత గాని బయటపడదు. అందుకే అసలు పత్రం ఎంబీ, అంటే కొలతల పుస్తకం. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్, కొలిచి రాసి, పై అధికారి సరిచూసి సంతకం చేసిన ఆ పేజీ ఆధారంగానే బిల్లు చెల్లిస్తారు. అబద్ధం ఉంటే సాధారణంగా అక్కడే, అధికారి సంతకంతో సహా ఉంటుంది.

ఒకే పనిని ఎంచుకోండి. ఊళ్లోని పనులన్నింటి వివరాలు ఒకేసారి అడిగితే రికార్డు చాలా పెద్దదన్న జవాబు వస్తుంది. సమాచార హక్కు చట్టం కింద నేను మొదటిసారి దరఖాస్తు వేసినప్పుడు ‘మా గ్రామంలో జరిగిన అవినీతి వివరాలు తెలపగలరు’ అని రాశాను. అలాంటి సమాచారం మా వద్ద లేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది, అది తప్పు జవాబు కూడా కాదు. ఆ చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది గాని, అధికారి చేత అభిప్రాయం చెప్పించదు. కాబట్టి ఇలా రాయండి: ‘ఫలానా గ్రామం, ఫలానా వీధిలో, ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి పరిపాలనా అనుమతి, ఎస్టిమేట్, ఒప్పంద పత్రం, కొలతల పుస్తకం పేజీలు, నాణ్యత పరీక్షల నివేదిక, చెల్లించిన బిల్లుల ధ్రువీకృత ప్రతులు ఇవ్వగలరు.’ ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు, 6(2) సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది.

గ్రామ స్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు కట్టాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కార్డు నకలు జతచేస్తే రుసుము ఉండదు. గ్రామాల్లో ఇలాంటి పనులు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చేతిలో, వరంగల్ నగరంలోనైతే మహానగర పాలక సంస్థ చేతిలో ఉంటాయి. పొరపాటున వేరే కార్యాలయానికి పంపినా, వారే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. 30 రోజుల్లో సమాచారం రాకపోతే తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అదీ ఫలించకపోతే 90 రోజుల్లోగా హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. కమిషన్ దగ్గర ఆలస్యం తప్పదు. అయితే కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడే అవకాశం ఉన్నందున, చాలా ఫైళ్లు మొదటి అప్పీలు దగ్గరే కదులుతాయి.

చాలామందికి తెలియని హక్కు ఒకటి ఉంది. అదే చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకోవచ్చు. ఎంబీ ప్రతి చేతికి వచ్చాక నలుగురైదుగురు కలిసి రోడ్డు మీదికి వెళ్లి పొడవు, వెడల్పు కొలవండి. మందం రోడ్డు అంచుల దగ్గర, నల్లా పైపుల కోసం తవ్విన చోట్ల తెలుస్తుంది. ఖచ్చితంగా తేలాలంటే కోర్, అంటే రోడ్డులోంచి గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్క, తీయించి పరీక్షించాలని లిఖితపూర్వకంగా కోరాలి. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు. సమాచారం అడిగినందుకు బెదిరింపులు ఎదుర్కొన్నవారు దేశంలో చాలామంది ఉన్నారు.

తేడా కనిపిస్తే వెంటనే వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టి దొంగ అని రాయాలనిపిస్తుంది. అక్కడే చాలా మంచి కేసులు చెడిపోతాయి, పైగా పరువు నష్టం దావా మీ మెడకు చుట్టుకుంటుంది. ‘ఎంబీలో ఇంత, నేలమీద ఇంత’ అన్న రెండు అంకెలే చెప్పండి. మొదట గ్రామసభలో చెప్పి తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాలి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆ తరువాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. కొలతలు తప్పుగా రాసి డబ్బు తీసుకున్నట్లు కాగితాలు చెబుతుంటే అవినీతి నిరోధక శాఖకు అవే జతచేసి ఫిర్యాదు పంపాలి.

ఈ దారిలో ఎక్కడైనా నకలు కోసమో, సంతకం కోసమో లంచం అడిగితే అది వేరే కేసు అవుతుంది. ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064కు చెప్పవచ్చు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణతో లంచం ఇచ్చినవారూ నేరస్థులే అయ్యారు. బలవంతాన ఇవ్వవలసి వస్తే 7 రోజుల్లోగా ఫిర్యాదు చేసినవారికి మినహాయింపు ఉంది. ఇచ్చేముందే ఏసీబీకి చెబితే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు. వాటిని ముట్టిన చేతిని సోడియం కార్బొనేట్ నీటిలో ముంచితే నీరు గులాబీ రంగుకు మారుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలమ చెరువు తవ్వించి, ఆ సంగతిని బయ్యారంలో రాతి మీద చెక్కించింది. మన పనుల దగ్గర పెట్టవలసిన రేకు బోర్డు, అందులో మొత్తం, కాంట్రాక్టరు పేరు ఉండే వరుసలు, ఎందుకో గాని పని పూర్తయ్యాకనే దర్శనమిస్తాయి.

ఇదంతా రోడ్డు వేసిన తరువాతి పని. పక్క వీధిలో కొత్త రోడ్డు మంజూరైందని తెలిస్తే ఎస్టిమేట్ ప్రతి ముందే తెప్పించుకోండి. కాంక్రీటు పోసే ముందురోజు సాయంత్రం ఇరువైపులా నిలబెట్టిన పలకల ఎత్తును, కింద పరిచిన పొర మట్టాన్ని టేపుతో కొలిచి, టేపు అంకె కనిపించేలా తేదీతో ఫోటో తీసి, మరునాడు పొద్దున మిల్లర్ తిరగడం మొదలు కాకముందే ఏఈకి చూపించండి.