ఐబీఎస్ ఉన్నవాళ్లు పప్పు, పోపు మానకుండా వండుకోవడం ఎలా?

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా మన తెలుగు ఇళ్లలో కడుపులో ఏ బాధ వచ్చినా దానికి ఒకటే పేరు, గ్యాస్. తిన్న కాసేపటికే కడుపు ఉబ్బడం, మెలిపెట్టే నొప్పి, ఒక వారం విరేచనాలు, ఇంకో వారం మలబద్ధకం, బస్సెక్కే ముందు బాత్రూమ్ టెన్షన్. నెలల తరబడి ఇదే వరస నడుస్తూ, పరీక్షల్లో పుండు, వాపు లాంటివేవీ కనబడకపోతే డాక్టర్లు దాన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా ఐబీఎస్. ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు, నాలుగు మాత్రలతో పోయేదీ కాదు.

ఈ పేరు వినగానే ఇంట్లో తలా ఒకటి మాన్పిస్తారు. పప్పు వద్దు, వంకాయ వద్దు, పోపు వద్దు. చివరికి కంచంలో మజ్జిగన్నం మిగులుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడనివాళ్లకు అసలు గొడవంతా ఆ మజ్జిగతోనే కావచ్చు! ఏం మానాలి అన్న చిట్టా కంటే ఏది నానబెట్టాలి, ఎక్కడ వడకట్టాలి, ఎంత కొలుచుకోవాలి అన్నదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

1. ముందు డాక్టరుకు చూపించుకోండి

కడుపునొప్పి వారానికి కనీసం ఒక రోజు చొప్పున మూడు నెలలుగా వస్తూ, అది విరేచనంతో తగ్గడమో పెరగడమో, విరేచనం ఎన్నిసార్లు, ఎలా అవుతుందన్నది మారడమో ఉంటే ఐబీఎస్ అని అనుమానిస్తారు. కానీ మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన బాధ, ఇవేవైనా ఉంటే వంటింటి వైద్యం పక్కన పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాలి. మన వైపు జియార్డియా అనే పేగు పరాన్నజీవి, కొంకిపురుగులు, పేగుల టీబీ కూడా కనబడుతుంటాయి. వాటికి మందు వేరు.

ఇంకో సంగతి. గోధుమ మానేయకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే) జబ్బుకు రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ తింటున్న రోజుల్లోనే ఆ పరీక్ష సరిగ్గా చెబుతుంది. మానేసి వెళితే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

గర్భిణులు, చిన్నపిల్లలు, ఇప్పటికే బరువు బాగా తక్కువగా ఉన్నవాళ్లు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ కింది పద్ధతి సొంతంగా మొదలుపెట్టకూడదు. డాక్టరో డైటీషియనో వెంట ఉండాలి.

2. ఏది ఎందుకు పడదో తెలుసుకోండి

కొన్ని రకాల చక్కెరలు, పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగ్గా ఇంకవు. అవి నీటిని పేగులోకి లాగుతాయి, పెద్దపేగులోకి దిగాక బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగులు సున్నితం కాబట్టి అదే గ్యాస్ వాళ్లకు నొప్పిగా తెలుస్తుంది. ఈ పదార్థాలన్నిటికీ కలిపి ఫాడ్‌మ్యాప్ అనే పేరును మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో వాడుకలోకి తెచ్చారు. ఇవి ఎక్కువగా ఉన్న తిండిని రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటీ పరీక్షించి తిరిగి తెచ్చుకోవడమే ఇక్కడ చెప్పే పద్ధతి.

మన కంచంలో అవి ఎక్కువగా ఉండేవి: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, పాలు, బఠాణీలు, రాజ్మా, సెనగలు, జీడిపప్పు, కాలీఫ్లవర్, మామిడిపండు, పుచ్చకాయ, యాపిల్, తేనె. పలాస పక్కన ఉన్నవాళ్లను జీడిపప్పు మానమనడం కొంచెం అన్యాయమే. వేరుశనగలు పడతాయి, సర్దుకోండి.

మనకు కలిసొచ్చేది ఒకటుంది. గోధుమ రొట్టె మీద బతికేవాళ్లకు ఈ పద్ధతి నరకం. మనది అన్నం, చోడి (రాగి) అంబలి. వరి, చోళ్లు, జొన్న, బంగాళాదుంప, క్యారెట్, పాలకూర, బొప్పాయి, నారింజ, అనాస, గుడ్లు, చేపలు, కోడిమాంసం సాధారణంగా ఇబ్బంది పెట్టవు. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్స్ మిషన్ కూడా ముఖ్యంగా చోళ్ల మీదే నడిచింది. కాబట్టి పిండి దొరకదన్న బెంగ లేదు.

3. సామాను సిద్ధం చేసుకోండి

కొనాల్సింది ఒక్కటే, గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా. ఎందుకంటే ఈ జబ్బులో ఒక వస్తువు పడుతుందా పడదా అన్నది చాలాసార్లు దాని మోతాదు మీదే ఉంటుంది. పావుకప్పు ఉడికిన పప్పు హాయిగా అరిగినవాళ్లకు గిన్నెడు పప్పు రాత్రంతా నిద్ర లేకుండా చేయొచ్చు. కాటా వద్దనుకుంటే ఒకే కప్పు, ఒకే చెంచా పట్టుకుని రోజూ వాటితోనే కొలవండి. ఇంట్లో ఉన్న గరిటెలన్నీ ఒక సైజువి కావు.

మిగతావి ఉన్నవే: చిల్లుల గిన్నె, సన్న టీ వడపోత, కుక్కరు, మిక్సీ, మూత గట్టిగా పట్టే గాజు సీసా. మిక్సీ జారును మాత్రం బాగా కడగాలి. పొద్దున అల్లం వెల్లుల్లి ముద్ద చేసిన జారులో మధ్యాహ్నం మీ చట్నీ తిప్పితే పడిన శ్రమంతా పోతుంది. వీలైతే చిన్న జారు ఒకటి మీకోసం విడిగా పెట్టుకోండి. వీటితోపాటు ఒక నోటుబుక్కు. ఏం తిన్నారు, ఎప్పుడు, నొప్పి పదికి ఎంత, విరేచనం ఎలా ఉంది, నిద్ర ఎలా పట్టింది. ఆడవాళ్లయితే నెలసరి తేదీలు కూడా. బాధ తిన్న గంటకే రావచ్చు, మర్నాడు రావచ్చు. రాసి పెట్టుకోకపోతే తప్పు ఎప్పుడూ చివర తిన్నదాని మీదకే పోతుంది.

4. వెల్లుల్లి వాసనను నూనెలోకి లాగండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వెల్లుల్లిలో కడుపును ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వాసన మాత్రం నూనెలోకి దిగుతుంది. మన పోపు పద్ధతికి ఇంతకంటే అనుకూలమైన విషయం ఉండదు.

మూకుట్లో అరకప్పు నూనె పోసి, పొట్టు తీసిన ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు నాలుగేసి ముక్కలు చేసి వేయండి. సన్న సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా ఉంచండి. మాడనిస్తే చేదొస్తుంది. దించి టీ వడపోతలో వడకట్టండి, ఒక్క ముక్క కూడా మిగలకూడదు. ఈ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి పోపు పెడితే తినేవాళ్లకు తేడా దాదాపు తెలియదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, సాంబారులోనో పులుసులోనో వెల్లుల్లి, ఉల్లి వేసి ఉడికించి తినేటప్పుడు ముక్కలు ఏరేస్తే లాభం లేదు. ఫ్రక్టాన్లు అప్పటికే రసంలోకి దిగిపోయి ఉంటాయి. రెండోది ఇంకా ముఖ్యం. ఈ నూనెను గది వేడిలో నిల్వ ఉంచకండి. గాలి తగలని వెల్లుల్లి నూనెలో బొట్యులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు. అది ప్రాణాంతకం. ఏ రోజుకారోజు చేసుకోవడం మేలు. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

ఉల్లి బదులు ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రం వాడొచ్చు, కింది తెల్ల భాగం వద్దు. చిటికెడు ఇంగువ కూడా బాగా ఆదుకుంటుంది. బజారు ఇంగువలో గోధుమపిండి కలుపుతుంటారు. ఐబీఎస్‌కు చిటికెడుతో నష్టం లేదు కానీ సీలియాక్ ఉన్నవాళ్లు డబ్బా మీద చదివి కొనాలి.

నిజానికి ఉల్లి వెల్లుల్లి లేని వంట మనకు కొత్తేమీ కాదు. కార్తీకంలో మనమూ చేస్తాం, పక్కింటి ఒడియా వాళ్లూ చేస్తారు. మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ రోజు వాళ్ల ఇళ్లలో వండే డాల్మాలో (కూరగాయలు వేసిన పప్పులో) ఉల్లి ఉండదు, అయినా ఎవరూ రుచి తక్కువైందనరు. పంచఫుటన (ఐదు దినుసుల) పోపు, జీలకర్ర ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి, కొంచెం కొబ్బరి కోరు, అంతే దాని రహస్యం. ఆవ ముద్దతో చేసే చేపల బెసరలో వెల్లుల్లి బదులు ఈ నూనె వాడి చూడండి.

5. పప్పును నానబెట్టి, నీళ్లు పారబోయండి

పప్పులో గ్యాస్ తెచ్చే పదార్థమూ నీళ్లలో కరిగేదే. గ్లాసుడు కందిపప్పుకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు కడగండి. తర్వాత కుక్కరులో కాకుండా మామూలు గిన్నెలో నీళ్లు ఎక్కువగా పోసి పది నిమిషాలు ఉడికించి, చిల్లుల గిన్నెలో వంపేయండి. అప్పుడు కొత్త నీళ్లు, పసుపు వేసి కుక్కరులో మెత్తగా ఉడికించండి. నీళ్లతోపాటు కొన్ని విటమిన్లు, కొంత రుచి పోతాయి, దాచేదేం లేదు. నిమ్మరసం, పైన చెప్పిన పోపు ఆ లోటు చాలావరకు తీరుస్తాయి.

మొదటి వారాల్లో పూటకు పావుకప్పు మించకండి. అదే పూట ఇంకో పప్పు కూర, పైన గ్లాసుడు పాలు చేర్చకండి. ఒక్కొక్కటి విడిగా పడేవే అన్నీ కలిస్తే పడకపోవచ్చు.

6. టిఫిన్ సంగతి

మన బజార్లలో పొద్దున దొరికే బరా, ఘుగుని ఐబీఎస్ ఉన్నవాళ్లకు రెండు దెబ్బలు. ఘుగునిలో ఎండు బఠాణీ, దాని మీద పచ్చి ఉల్లి. కొన్నాళ్లు ఆ బండి వైపు వెళ్లకండి. ఇడ్లీ చాలామందికి పడుతుంది, సాంబారు బదులు కొబ్బరి చట్నీ కొద్దిగా వేసుకోండి. బొంబాయి రవ్వ ఉప్మా మానేసి బియ్యపు రవ్వతో ఉప్పుడు పిండి చేసుకోండి. చోడి అంబలి మంచిదే, కాకపోతే అందులో మజ్జిగ బదులు ఉప్పు, నిమ్మరసం.

పఖాళ తిన్నాక కడుపు ఉబ్బిందనేవాళ్లు చాలామంది తప్పంతా పులిసిన అన్నం మీద వేస్తారు. పక్కన కొరుక్కున్న పచ్చి ఉల్లి, గరిటెడు పెరుగు సంగతి మరిచిపోతారు. ఆ రెండూ తీసేసి ఒకసారి చద్దన్నం, బంగాళాదుంప వేపుడు తిని చూస్తే ఎవరిది తప్పో తేలుతుంది. చల్లారిన అన్నం కూడా కొందరికి గ్యాస్ చేస్తుంది, అలాంటివాళ్లు వేడన్నమే తినాలి.

టీలో పాలు రోజంతా కలిపి ఎంతవుతున్నాయో ఒకసారి కొలవండి. ఛెనా (పాల విరుగుడు ముద్ద) నుంచి నీరు పిండేస్తే లాక్టోజ్‌లో ఎక్కువ భాగం దాంతోనే పోతుంది కాబట్టి పాలు పడనివాళ్లకు కూడా చిన్న ముక్క పడొచ్చు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు.

మలబద్ధకం ఎక్కువగా ఉంటే ఇసబ్‌గోల్ చెంచాడు, నిండు గ్లాసు నీళ్లతో మొదలుపెట్టండి. పీచు మంచిదని గోధుమపొట్టు తింటే ఐబీఎస్‌లో తరచుగా ఉబ్బరం పెరుగుతుంది.

7. రెండు నుంచి ఆరు వారాలు, తర్వాత ఆపండి

ఈ కట్టడి శాశ్వతం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బాధ తగ్గిందని జీవితమంతా ఇలాగే తింటే కడుపులోని మంచి బ్యాక్టీరియాకు తిండి తగ్గుతుంది, మనిషికి పోషణా తగ్గుతుంది. ఆరు వారాలు పద్ధతిగా చేసినా నోటుబుక్కులో అంకెలు మారకపోతే మీ బాధకు కారణం ఇది కాదు. ఆపేసి డాక్టరును కలవండి.

ఈలోగా పెళ్లి భోజనాలు వస్తాయి. కార్తీకమైతే ఉల్లి తిననంటే ఎవరూ అడగరు. మిగతా పదకొండు నెలలూ "వదినా, నాకు అన్నం, నెయ్యి, బంగాళాదుంప వేపుడు చాలు, డాక్టరు పథ్యం పెట్టారు" అని వడ్డనకు ముందే చెప్పేయడం తేలిక. కంచంలో పడ్డాక వద్దంటే వండినవాళ్లకు బాధ.

8. ఒక్కొక్కటీ తిరిగి తెచ్చుకోండి

బాధ తగ్గాక, మిగతా కట్టడి అలాగే ఉంచి, ఒక్కో వస్తువును మూడు రోజులు పరీక్షించండి. పాలైతే మొదటి రోజు పావుకప్పు, రెండో రోజు అరకప్పు, మూడో రోజు కప్పు. వెల్లుల్లి పావు రెబ్బ, అర రెబ్బ, ఒక రెబ్బ. ఉల్లి ఒక పెద్ద చెంచాడు తరుగుతో మొదలు. గోధుమకు విడిగా, కందిపప్పుకు విడిగా, కాలీఫ్లవర్‌కు విడిగా, మామిడిపండుకు విడిగా. బాధ వస్తే అక్కడే ఆపి, తగ్గాక రెండు మూడు రోజులు విరామమిచ్చి తర్వాతది మొదలుపెట్టండి. మొత్తం రెండు నెలల దాకా పట్టొచ్చు. ఇంట్లో శుభకార్యం, పిల్లల పరీక్షలు, ప్రయాణం ఉన్న వారంలో పరీక్ష పెట్టుకోకండి. టెన్షన్ కూడా పేగులను కదిలిస్తుంది, అప్పుడు తప్పు ఉల్లిదో హడావుడిదో తెలియదు.

అయ్యాక మీ చిట్టా మీ చేతిలో ఉంటుంది. ఒకరికి పాలు పడవు, ఉల్లి పడుతుంది. ఇంకొకరికి ఉల్లి తప్ప అన్నీ పడతాయి. పడినవన్నీ కంచంలోకి తెచ్చేసుకోండి. పడనివాటిని కొన్ని నెలలాగి మళ్లీ అదే పావు మోతాదుతో పరీక్షించండి, పేగుల తీరు కాలంతో మారుతుంటుంది.