తాతగారి వేట ట్రోఫీ మీ ఫ్లాటు గోడకెక్కాలంటే: యాజమాన్య ధ్రువపత్రానికి దరఖాస్తు విధానం

ఊళ్లో లోగిలి అమ్మకానికి పెట్టారు. సామాను వాటాలు తేలాయి. పందిరిమంచం చెల్లెలికి, ఇత్తడి గంగాళాలు పెద్దన్నకి. చావడి గోడమీది అడవిదున్న తల మాత్రం ఎవరికీ పట్టలేదు. చివరికి హైదరాబాద్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటున్న తమ్ముడి నెత్తిన పడింది. అంత తల ఇంత ఇంట్లో ఎక్కడ తగిలించాలా అని ఆయన టేపు పెట్టి గోడలు కొలుస్తున్నాడు. కొలవాల్సింది ముందు గోడని కాదు, గడువుని.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో ట్రోఫీ అంటే గడ్డి కూరి నిలబెట్టిన పులి ఒక్కటే కాదు. చర్మం, కొమ్ము, దంతం, గోరు, ఎముక, ఈక, ఆఖరికి గుడ్డు కూడా అందులోకే వస్తాయి. తాతగారు బంగారం కట్టించుకున్న పులిగోరు లాకెట్టుకీ ఇదే చట్టం వర్తిస్తుంది. పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, కృష్ణజింక మొదటి షెడ్యూల్లో, అంటే చట్టం అన్నిటికన్నా గట్టిగా కాపాడే జంతువుల జాబితాలో ఉన్నాయి. వీటి ట్రోఫీలు ఇంట్లో ఉండాలంటే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అది లేనివాళ్లకి ఇవి న్యాయంగా దక్కే దారి ఒక్కటే, వారసత్వం. కొనకూడదు, బహుమతిగా పుచ్చుకోకూడదు. "మామయ్యా, ఎలాగూ మీకు చోటు లేదుగా, నాకిచ్చెయ్యండి" అని మేనల్లుడు అడిగినా ఇవ్వడానికి లేదు. దుప్పి, కణితి కొమ్ముల సంగతి కొంచెం వేరు. 2022 సవరణతో షెడ్యూళ్లే మారాయి కాబట్టి మీ దగ్గరున్నది ఎందులో ఉందో అటవీ అధికారినే అడిగి రాయించుకోండి. అడవిలో రాలిన కొమ్ము ఏరి తెచ్చుకున్నవాళ్లకి మాత్రం ఈ వ్యాసం పనికిరాదు. అది వారసత్వం కాదు.

తొంభై రోజులు

చట్టంలోని 40(2బి) సెక్షన్ ప్రకారం ట్రోఫీ వారసత్వంగా వచ్చినవాళ్లు 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అటవీ అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారికి గానీ ఆ విషయం వెల్లడించాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెద్దాయన పోయాక పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, బ్యాంకు ఖాతాలు, పొలం పాసుపుస్తకాలు అంటూ తిరుగుతాం. గోడమీది తల ఎవరికి గుర్తొస్తుంది? సంవత్సరీకాలయ్యాక చూద్దాంలే అనుకునేసరికి గడువు దాటి తొమ్మిది నెలలవుతుంది. పంపకాలు తేలిన రోజు నుంచి లెక్క అనుకునేవాళ్లూ ఉన్నారు. మరణించిన తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.

పంపకాలు తేలకపోతే ఏం చేయాలి? వారసుల్లో ఒకరు తమ పేరు మీద వెల్లడి ఇవ్వాలి, మిగిలినవాళ్లు అభ్యంతరం లేదని రాసి సంతకాలు పెట్టాలి. అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఇళ్లలో ఈ సంతకాలే పెద్ద గండం. పదో రోజు అందరూ ఒకచోట ఉన్నప్పుడే తీసేసుకోండి. మొహమాటపడితే తర్వాత మీరే తిరగాలి.

దరఖాస్తులో ఏముండాలి

జిల్లా అటవీ అధికారి కార్యాలయంతో మొదలుపెట్టండి. తెలంగాణలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం హైదరాబాద్ సైఫాబాద్‌లోని అరణ్య భవన్‌లో ఉంది. ట్రోఫీ ప్రస్తుతం ఏ ఊళ్లో ఉందో ఆ రాష్ట్రం వాళ్లకే దరఖాస్తు ఇవ్వాలి, మీరు ఎక్కడున్నా సరే. పెద్దాయన పేరిట ఉన్న పాత ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ ఆధార్, మిగతా వారసుల అంగీకారం, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి. కుటుంబ సభ్యుల పత్రానికి మీసేవలో ఆ వారమే పెట్టేయండి. మిగతావన్నీ ఇంట్లోనే దొరుకుతాయి, రోజులు పట్టేది దీనికే.

ఫొటోల దగ్గర తొందరపడకండి. ముందువైపు ఒకటి తీసి పంపేస్తారు చాలామంది. అధికారికి కావలసింది వెనకవైపు. తలని బిగించిన చెక్క పలకని నెమ్మదిగా తిప్పి చూడండి. మైసూరులో వాన్ ఇంగెన్ అనే ప్రసిద్ధ సంస్థ ఉండేది. దక్షిణాది జమీందార్ల వేట ట్రోఫీలెన్నో అక్కడ తయారైనవే. అలాంటి చోట చేయించినదైతే చీటీయో, అంకెయో ఉండవచ్చు. చెదలు సగం తినేసిన చీటీ అయినా సరే, గోకకుండా, తుడవకుండా ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. తుపాకీ చేతబట్టుకుని తాతగారు దున్న పక్కన కూర్చున్న పాత ఫొటో ఉంటే దాని నకలూ జతచేయండి. వస్తువు న్యాయంగా వచ్చిందని నిరూపించుకునే భారం మీదే. 57వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది.

వివరాలు రాసేటప్పుడు "అడవిదున్న తల ఒకటి" అని వదిలేయకండి. కొమ్ముల చివరల మధ్య దూరం, ఒక్కో కొమ్ము పొడవు, చెవి చిరిగిందా, గాజుకన్ను రాలిందా, ప్రస్తుతం ఏ ఇంట్లో ఏ గదిలో ఉంది, అన్నీ రాయండి. తర్వాత నోటీసు ఇచ్చి అధికారి ఇంటికొస్తారు. మీరు రాసిందీ కళ్లముందున్నదీ సరిపోల్చి జాబితా తయారుచేస్తారు, అవసరమైతే గుర్తు వేస్తారు. ఆయనకి నమ్మకం కుదిరితే 42వ సెక్షన్ కింద మీ పేరిట ధ్రువపత్రం వస్తుంది. ఆ గుర్తు చెరపడం నేరం. పలక పాతబడిందని కొత్తది వేయించేముందు గుర్తు దానిమీద ఉందేమో చూసుకోండి.

పెద్దాయన దగ్గరే కాగితం లేకపోతే కథ వేరు. 2003 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు అలాంటివాళ్లకి 180 రోజుల అవకాశమిచ్చాయి. అది ఎప్పుడో ముగిసింది. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25 వేల రూపాయల జరిమానా. వకీలుతో మాట్లాడి మీరే రాతపూర్వకంగా అటవీశాఖ దగ్గరకు వెళ్లడం మంచిది. అటక మీద దాచడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం.

ఊరు మార్చేటప్పుడు

శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్‌కి తేవడమంటే 2014 తర్వాత రాష్ట్రం దాటడమే. పాత పత్రం మీద హైదరాబాద్ ముద్ర ఉంది కదా అనుకోవద్దు. తరలించిన 30 రోజుల్లోగా, చేరిన చోటి అధికారికి తెలియజేయాలని 43వ సెక్షన్ అంటోంది. దారిలో చూపడానికి తరలింపు అనుమతి కూడా ముందే తీసుకోండి. అనుమతి ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత రవాణా చేసేవాళ్ల మీదా ఉంది. తెలిసిన ప్యాకర్లయితే అడుగుతారు, అడగనివాళ్లకి అప్పగించకండి. ఒకే రాష్ట్రంలో ఇల్లు మారినా ఒక ఉత్తరం రాసి ముద్ర వేయించుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు కాగితంలో ఒక ఇల్లు, వస్తువు ఇంకో ఇంట్లో ఉంటే సంజాయిషీ మీరే చెప్పుకోవాలి.

ఇప్పుడు గోడ

లోగిలి గోడలు మూరెడు మందం. అపార్టుమెంటులో గదుల మధ్య గోడ నాలుగంగుళాలు, అదీ తేలికపాటి బ్లాకులతో కట్టింది. ఇద్దరు మోస్తే గానీ లేవని తలని అది ఆపదు. కాంక్రీటు స్తంభమో దూలమో చూసి యాంకర్ బోల్టులు వేయించాలి. తల గోడ నుంచి బాగా ముందుకొస్తుంది కాబట్టి నడవలో వద్దు. సోఫా వెనక, మనిషి నిలబడినా తగలని ఎత్తులో అయితే చిన్న హాల్లోనూ ఇముడుతుంది. ఎండ పడితే వెంట్రుకల రంగు వెలుస్తుంది, చెమ్మ తగిలితే చర్మం ఉబ్బుతుంది. స్నానాలగది గోడకి అవతలివైపు కూడా పనికిరాదు. పులిచర్మమైతే నేలమీద పరవకుండా గాజు చట్రంలో పెట్టించండి. అప్పట్లో చర్మాలకి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవారు. దులపడం, తివాచీలా కొట్టడం చేయకూడదు. చేతికి తొడుగు, ముక్కుకి మాస్కు పెట్టుకుని మెత్తటి కుంచెతో తుడవాలి. పిల్లల చేతికి అందనివ్వకండి. ఫొటో తీసి అమ్మకానికుందని ఎక్కడా పెట్టకండి. ధ్రువపత్రం ఉన్నా అమ్మజూపడమే నేరం.

ఇమడకపోతే

చోటు లేదు, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేదు అనుకుంటే 2022 సవరణ 42ఎ సెక్షన్‌తో ఒక దారి తెరిచింది. ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఏడు పనిదినాల ముందు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి నోటీసు ఇచ్చి ట్రోఫీని అప్పగించవచ్చు. పరిహారం రాదు. ఆ రోజుతో ధ్రువపత్రం రద్దవుతుంది, వస్తువు రాష్ట్ర ప్రభుత్వానిది అవుతుంది. ఇష్టం లేకుండా ఇంకో పాతికేళ్లు మోయడం కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. అప్పగించేటప్పుడు వస్తువు కొలతలన్నీ రాసిన రసీదు తీసుకుని, రద్దయిన పత్రం నకలుతో కలిపి ఇంటి దస్తావేజుల్లో పెట్టుకోండి.