పెరట్లో షటిల్ కోర్టు: రంగు ఉబ్బితే, నీళ్లు నిలిస్తే, పగుళ్లొస్తే

పెరట్లో కాంక్రీటు బెడ్డు వేయించి, యాక్రిలిక్ రంగు కొట్టించి, గీతలు గీయించుకున్నవాళ్ల కోసం ఇది. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు లాంటి కొలతలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. కోర్టులో ఏ తేడా కనిపించినా ముందు మోటారు వేసి, పైపుతో అంతా తడిపి, గంట ఆగి చూడండి. పైసా ఖర్చు లేని ఈ పని ఎవరూ చేయరు. రంగు మాత్రం వేలకు వేలు పోసి మళ్లీ వేయిస్తారు.

నీళ్లు నిలుస్తున్నాయా?

గంట తర్వాత కూడా రూపాయి బిళ్ల మునిగేంత నీళ్లుంటే అక్కడ గుంట ఉన్నట్టే. సుద్దముక్కతో చుట్టూ గీసుకుని, ఆరాక యాక్రిలిక్ ప్యాచ్ మిక్స్ నింపి పొడవాటి పట్టీతో లాగాలి. ఉత్త సిమెంటు పాలు పూస్తే పెచ్చు లేస్తుంది. కోర్టంతటా నీళ్లు కదలకుండా ఉంటే అసలు వాటమే (నీళ్లు జారే వాలు) ఇవ్వలేదు. 20 అడుగుల వెడల్పుకి దాదాపు రెండున్నర అంగుళాల వాటం, అదీ ఒకే వైపుకి ఉండాలి. నెట్ దగ్గర ఎత్తు చేసి రెండు వైపులా దించే మేస్త్రీలున్నారు, డాబా అనుకుంటారో ఏమో. అది ప్యాచ్‌లతో సరయ్యేది కాదు.

రంగు బొబ్బలెక్కి ఊడుతోందా?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఊడిన పెచ్చు పారేయకుండా తిప్పి చూడండి. వెనక సిమెంటు పొడి అంటుకుని ఉంటే బెడ్డు పైపొర బలహీనం. శుభ్రంగా, నున్నగా ఉంటే రంగుకి పట్టు దొరకలేదు. ఈ రెండింటికీ గ్రైండర్‌తో గీరించి మళ్లీ వేయిస్తే చాలు. చెమ్మగా ఉండి తెల్లటి ఉప్పు కనిపించిందా, అప్పుడు తప్పు రంగుది కాదు, బెడ్డు కింద ఉన్న నేలది.

పాలిథిన్ షీటు పరవకుండా కాంక్రీటు పోస్తే నేలలోని తేమ దానిలోంచి పైకి వస్తూనే ఉంటుంది. పైకి మాత్రం బెడ్డు ఎండినట్టే కనిపిస్తుంది. రంగు లేనన్నాళ్లూ ఆ తేమ గాలికి పోయేది, రంగు పడ్డాక దారి మూసుకుపోతుంది. మధ్యాహ్నం బెడ్డు కాలినప్పుడు ఆవిరి రంగుని పైకి నెడుతుంది. మేలో వేసిన రంగు నెలంతా నిగనిగలాడి, వానలకి నేల నానాక ఆగస్టులో ఉబ్బేది ఇందుకే. నింద మాత్రం రంగు కంపెనీ మీద పడుతుంది.

తేల్చుకోవడం సులువు. రంగు గీరేసిన చోట అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్క పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి పోకుండా అంటించి, సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు ఎనిమిది దాకా వదిలేయండి. కింద నీటిచుక్కలు పట్టినా, కాంక్రీటు నల్లబడినా రంగు డబ్బా తెరవొద్దు. మూడు నాలుగు చోట్ల చూడాలి, ముఖ్యంగా కాంపౌండు గోడ పక్కన, మొక్కల మడి పక్కన, సంపు ఉన్న వైపు. అదీ వానాకాలంలో. ఎండాకాలంలో ఏ బెడ్డయినా పాసవుతుంది.

ఒక ఇంట్లో ఎప్పుడూ తూర్పు వైపే ఉబ్బేది. రంగు మార్చారు, వేసే మనిషినీ మార్చారు. గోడ అవతల పక్కింటివాళ్ల అరటి మడి కోర్టు కంటే ఎత్తులో ఉంది, దానికి రోజూ నీళ్లు పెడుతున్నారు. గోడ వెంబడి కాలువ తీశాకే ఆగింది.

కాబట్టి ముందు నీటిని ఆపాలి. బెడ్డు అడుగు కంటే లోతుగా కాలువ తవ్వి, చిల్లుల పైపు వేసి కంకర నింపి, ఆ నీళ్లు బయటికి పోయేలా చూడండి. సంపు కారుతుంటే దాన్ని బాగుచేయించండి. ఊడే రంగంతా గీకి, బెడ్డుని కొన్ని వారాలు ఎండనిచ్చి, షీటు పరీక్ష మళ్లీ చేయండి. అందులో నెగ్గాకే యాసిడ్ వాష్, కడుగుడు, ఆరబెట్టడం, తేమను ఆపే ఎపాక్సీ ప్రైమరు, ఆపైన రంగు. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. చెరువు కింద, పొలాల మధ్య ఉన్న ఇళ్లకి ఇదంతా దండగ. చీపురు గీతల కాంక్రీటు (పచ్చిగా ఉండగా చీపురు లాగి గరుకు చేసింది) మీద తెల్ల గీతలు గీసుకుని ఆడుకోండి. రంగు కావాలనుకుంటే ఇంటర్‌లాకింగ్ ప్లాస్టిక్ టైల్స్ పరవండి, వాటి కింద గాలాడుతుంది.

కొత్తగా వేయించేవాళ్లు షీటు పరవకుండా పోయనివ్వొద్దు. పోశాక 28 రోజులు నిండేదాకా రంగు మాటే ఎత్తొద్దు.

పగుళ్లా?

తిన్నగా అడ్డంగా పోయిన సన్నటి పగులంటే జాయింట్లు, అంటే బెడ్డులో కావాలని పెట్టే గాట్లు, కోయలేదని. పోసిన మర్నాటికల్లా బెడ్డు మందంలో నాలుగో వంతు లోతున కోయాల్సింది. ఇప్పుడైతే సాగే ఫిల్లరు నింపడమే. పగులుకి ఒక పక్క మెట్టులా లేస్తే కింద నల్లరేగడి ఉందేమో చూడండి. దాన్ని తీయించి మొరం నింపి రోలింగ్ చేయించకుండా పైన ఏం పూసినా నిలవదు.

నకిలీ రంగు, గడువు దాటిన రంగు అరుదు. చెట్టు వేళ్లు ఎత్తడమూ అంతే, బెడ్డుకి ఆనుకుని పెద్ద చెట్టేదీ లేకపోతే దాని సంగతి వదిలేయండి.