కడుపుతో ఉండగా పెద్దబిడ్డకు పాలు: చనుమొనల నొప్పి తగ్గే దారి

నెల తప్పిన కొద్ది వారాలకే చాలామందికి చనుమొనలు సలుపుతాయి. ఇది హార్మోన్ల నొప్పి, పూతమందులతో పెద్దగా తగ్గదు. అక్కరకొచ్చేది బిడ్డ రొమ్ము పట్టుకునే తీరు, అంటే పట్టు, సరిచేయడమే. రెండేళ్ల పిల్లలు అటూ ఇటూ తిరుగుతూ మొన చివర మాత్రమే పట్టుకుంటారు. చిటికెనవేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి పట్టు విడిపించి, "నోరు పెద్దగా తెరువు నాన్నా" అంటూ మళ్లీ పట్టించాలి. ఊరికే లాగేస్తే మొన చిట్లుతుంది. అప్పటికీ ఓర్చుకోలేకపోతే పదంకెలు లెక్కపెట్టి ఆపేయొచ్చు. ఈ లెక్క పిల్లలకు తొందరగానే అలవాటవుతుంది. పొట్ట పెరిగాక పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం సుఖం.

నాలుగైదు నెలలకు పాలు తగ్గుతాయి. కడుపుతో ఉన్నప్పుడు పెరిగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పని అది, ఎంత తిన్నా పాలు పెరగవు. బిడ్డకు ఏడాది నిండకపోతే బరువు చూసుకుంటూ డాక్టరు చెప్పిన వేరే పాలు పట్టాల్సిందే. తర్వాత ముర్రుపాలు పడతాయి. పెద్దబిడ్డ తాగినంత మాత్రాన పుట్టబోయే బిడ్డకు తరిగిపోవు.

పాలిచ్చేటప్పుడు పొట్ట కాసేపు బిగిసి వదలడం మామూలే. బిగింపు ఆగకుండా వస్తున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇదివరకు నెలలు నిండకుండా కాన్పయినవారు, కవలలున్నవారు మొదట్లోనే డాక్టరును అడగాలి.