వర్చువల్ మెషీన్‌లో గడియారం – 3వ పాఠం: నిద్రలేచిన గెస్టు

గాజువాకలో లాప్‌టాప్ మూత వేసి బస్సెక్కారు. మధురవాడలో దిగి తెరిచారు. హోస్టులో (అంటే అసలు లాప్‌టాప్‌లో) టైము సరిగ్గానే ఉంది. లోపల నడుస్తున్న ఉబుంటు గెస్టు (వర్చువల్ మెషీన్) మాత్రం ఇంకా గాజువాకలోనే ఉంది. లాగిన్ ఓటీపీ కుదరదు, ఆప్ట్ అప్‌డేట్ (సాఫ్ట్‌వేర్ జాబితా తాజా చేసే ఆదేశం) కొడితే రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఒక్కోసారి మొరాయిస్తుంది.

పోయిన పాఠంలో చూసింది జారుడు. గడియారం 100 పీపీఎం (పది లక్షలకి 100 వంతులు) తప్పు నడిస్తే రోజుకి 8.64 సెకన్ల తేడా వస్తుంది, దాన్ని మెల్లగా సవరిస్తే చాలు. ఇప్పుడు చూసేది జారుడు కాదు, గండి. గెస్టు ఆగి ఉన్నంతసేపూ దాని గడియారం కూడా ఆగింది, తాను ఆగానన్న సంగతే దానికి తెలీదు. జారుడికి వాడే మందు గండికి వేస్తే ఏమవుతుందో చేసి చూద్దాం.

కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే ఏర్పాటు) మీద ల్యాబ్1 అనే గెస్టు, అందులో క్రోనీ (బయటి టైము సర్వర్లని అడిగి గడియారం దిద్దే ప్రోగ్రాం) ఉన్నాయనుకుందాం. (ఆదేశాలు పలికినట్టు రాస్తున్నాం, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.) హోస్టులో ‘విర్ష్ సస్పెండ్ ల్యాబ్1’ కొట్టండి. 120 సెకన్లు ఆగి ‘విర్ష్ రెజ్యూమ్ ల్యాబ్1’ కొట్టండి. వెంటనే హోస్టుదొకటి, గెస్టుదొకటి, రెండు టెర్మినళ్ళు పక్కపక్కన పెట్టుకుని రెండింట్లోనూ ‘డేట్’ కొట్టండి. గెస్టు దాదాపు 2 నిమిషాలు వెనకబడి ఉంటుంది.

ఇప్పుడు గెస్టులో ‘క్రోనీసీ ట్రాకింగ్’ చూడండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: అంతా బాగున్నట్టే చూపిస్తుంది! క్రోనీ ఇంకా బయటి సర్వర్ని అడగలేదు మరి. అడిగే విరామం మామూలుగా 64 సెకన్లతో మొదలై, గడియారం నిలకడగా ఉందనుకున్నకొద్దీ 1024 సెకన్ల దాకా సాగుతుంది. అంటే తప్పు కనిపెట్టడానికే 17 నిమిషాలు పట్టొచ్చు. అడిగాక మాత్రం ‘సిస్టమ్ టైమ్’ వరుసలో 120కి దగ్గర అంకె, పక్కన ‘స్లో’ అన్న మాట కనిపిస్తాయి.

తప్పు తెలిశాక కూడా వెంటనే దిద్దదు. ఉబుంటు కాన్ఫిగరేషన్లో ‘మేక్‌స్టెప్ 1 3’ అని ఉంటుంది. తేడా 1 సెకను దాటితే ఒక్క గెంతులో సరిచెయ్యి, కానీ క్రోనీ మొదలయ్యాక తొలి 3 అప్‌డేట్లలోనే అని దానర్థం. మీ గెస్టు ఆ మూడూ ఎప్పుడో దాటేసింది. ఇక మిగిలింది మెల్లగా లాగడమే. సెట్టింగు మార్చకపోతే క్రోనీ లాగే గరిష్ఠ వేగం 83333 పీపీఎం, అంటే 12 సెకన్లకి 1 సెకను. 120 సెకన్ల గండి పూడటానికి కనీసం 1440 సెకన్లు, 24 నిమిషాలు. ఆ 24 నిమిషాలూ గెస్టులో ప్రతి సెకనూ పొట్టి సెకనే.

క్రోనీ బదులు పాత ఎన్‌టీపీడీ వాడేవాళ్ళకి ఇంకో చిక్కు. తేడా 1000 సెకన్లు దాటితే అది ‘నా వల్ల కాదు’ అని ఏకంగా ఆగిపోతుంది. మీరు భోంచేసి వచ్చేలోపు 1000 సెకన్లు దాటిపోతాయి. దాని కాన్ఫిగరేషన్లో ‘టింకర్ పానిక్ 0’ వరుస చేరిస్తే ఆగదు.

దిద్దుబాటు రెండు భాగాలు. మొదటిది, ఈటీసీ కింద క్రోనీ ఫోల్డరులోని క్రోనీ డాట్ కాన్ఫ్‌లో ఆ వరుసని ‘మేక్‌స్టెప్ 1 -1’ చెయ్యండి. -1 అంటే ఎన్నిసార్లయినా సరే అని. అయితే గెస్టులో డేటాబేస్ ఉంటే ఒక్క క్షణం ఆలోచించండి: సస్పెండ్ తరవాత గెంతు ముందుకే కాబట్టి ప్రమాదం తక్కువ, మధ్యలో పడిన క్రాన్ పనులు (వేళకి వాటంతటవే నడిచేవి) తప్పిపోవచ్చు అంతే. వెనక్కి గెంతితే రికార్డుల వరస తిరగబడుతుంది.

రెండోది, టైముని బయటి నుంచి కాకుండా హోస్టు నుంచే తీసుకోవడం. గెస్టులో ‘మాడ్‌ప్రోబ్ పీటీపీ_కేవీఎం’ కొడితే డెవ్ కింద పీటీపీ0 కనిపిస్తుంది. హోస్టు క్లాక్‌సోర్స్ టీఎస్సీ (ప్రాసెసర్‌లోని లెక్కింపు గడియారం) కాకపోతే ఇది పనిచెయ్యదు, ముందు అది చూసుకోండి. తరవాత కాన్ఫ్‌లో ‘రెఫ్‌క్లాక్ పీహెచ్‌సీ /డెవ్/పీటీపీ0 పోల్ 2’ అని రాసి (పీహెచ్‌సీ మాత్రం పెద్దక్షరాల్లో), పూల్, సర్వర్ వరుసల ముందు హ్యాష్ పెట్టి, క్రోనీని రీస్టార్ట్ చెయ్యండి. పోల్ 2 అంటే 4 సెకన్లకోసారి. ‘క్రోనీసీ సోర్సెస్’లో హ్యాష్ పక్కన నక్షత్రం పడితే కుదిరినట్టే. రీబూట్‌కి మాడ్యూలు పోకుండా దాని పేరు మాడ్యూల్స్-లోడ్ డాట్ డీ ఫోల్డరులో ఒక ఫైల్లో రాసిపెట్టండి.

హోస్టుకి మాత్రం ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద బయటి సర్వర్ల నుంచి టైము తీసుకునే పద్ధతి) తప్పనిసరి. అది తప్పితే గెస్టులన్నీ కలిసికట్టుగా తప్పుతాయి. కంపెనీ సర్వర్లయితే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశం ప్రకారం ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) సర్వర్లకి, లేదా వాటితో ముడిపడ్డ వాటికి కట్టాలి.

కేవీఎం బదులు వీఎంవేర్ వాడేవాళ్ళకో హెచ్చరిక. గెస్టులో ఉండే వీఎంవేర్ టూల్స్‌లో టైమ్‌సింక్ డిజేబుల్ చేసినా, రెజ్యూమ్ అయినప్పుడూ స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్ళినప్పుడూ ఒకసారి దిద్దడం మానదు. ఆ ఒక్కసారీ మంచిదే. నిత్యం దిద్దే పని మాత్రం టూల్స్‌కీ క్రోనీకీ కలిపి అప్పగించకండి, ఒకరు ముందుకి లాగితే ఇంకొకరు వెనక్కి లాగుతారు.

తేడా కచ్చితంగా 5 గంటల 30 నిమిషాలుంటే అది గండీ కాదు, జారుడూ కాదు. ఆర్‌టీసీని (కాంప్లెక్స్‌లో బస్సులు కాదు, మదర్‌బోర్డు గడియారం) ఒకరు యూటీసీ అనుకుంటే ఇంకొకరు స్థానిక సమయం అనుకున్నారు. లినక్స్ గెస్టుకి లిబ్‌వర్ట్‌లో (విర్ష్ వెనకున్న ఏర్పాటు) క్లాక్ ఆఫ్‌సెట్ ‘యూటీసీ’, విండోస్‌కి ‘లోకల్‌టైమ్’ పెట్టండి. స్థానికం అంటే ఐఎస్‌టీయే. సూర్యుణ్ణి నమ్ముకుంటే 83.3 డిగ్రీల రేఖాంశం మీదున్న విశాఖ, 82.5 మీద నడిచే ఐఎస్‌టీకి సుమారు 3 నిమిషాలు ముందుంటుంది!

అభ్యాసం: అదే 120 సెకన్ల సస్పెండ్‌ని పాత కాన్ఫ్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి చేసి, తేడా 1 సెకను లోపలికి రావడానికి ఎంతసేపు పట్టిందో రెండు అంకెలూ రాసుకోండి. విండోస్ గెస్టుల సంగతి 4వ పాఠంలో.