చార్మ్ కణాల అసౌష్ఠవం: కాలేజీ ల్యాబ్‌లో లెక్కగట్టే పద్ధతి

చార్మ్ క్వార్క్ ఉన్న డి-జీరో మెసాన్ అనే కణం, దాని ప్రతికణం సరిగ్గా ఒకేలా క్షయం కావని సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందం 2019 మార్చిలో ప్రకటించింది. రెండు రకాల క్షయాల అసౌష్ఠవాల (కణాల, ప్రతికణాల లెక్కల తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చేది) మధ్య తేడా పదివేలకు సుమారు 15. అంత చిన్నదాన్ని పట్టిన ఒడుపును శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డిగ్రీ కాలేజీ కంప్యూటర్‌ మీద పైథాన్‌తో చేసి చూడొచ్చు.

పలాసలో పాసంగం ఉన్న తక్కెడ మీద రెండు జీడిపప్పు సంచులు తూచారనుకోండి. రెండు తూకాలూ తప్పే, వాటి మధ్య తేడా మాత్రం నిజం. ఇక్కడా అంతే. పుట్టింది డి-జీరోనా, ప్రతికణమా అన్నది డి-స్టార్ అనే బరువైన కణం విరిగినప్పుడు వెంట వచ్చే నెమ్మది పయాన్ (తేలికైన మెసాన్) చెబుతుంది: ధనావేశమైతే డి-జీరో, ఋణావేశమైతే ప్రతికణం. ఈ పయాన్లను డిటెక్టర్ సమంగా పట్టదు. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు రెండు రకాలూ సమంగా పుట్టవు కూడా. అదే పాసంగం. అందుకే కేయాన్ల (మరో రకం మెసాన్ల) జంటగా విరిగినవాటి అసౌష్ఠవంలోంచి పయాన్ల జంటది తీసేస్తారు.

కేయాన్ జంటలకు 4.4 కోట్లు, పయాన్ జంటలకు 1.4 కోట్లు తీసుకోండి. 2015–18 దత్తాంశంలో ఈ గుర్తింపుతో దొరికినవి సుమారు ఇన్నే. అసలు అసౌష్ఠవాలు వరుసగా 0.0007, 0.0023 అనుకుని, రెండింటికీ పాసంగం 0.01 కలపండి. మొత్తం A అయితే, నంపై (పైథాన్ గణిత లైబ్రరీ) బైనామియల్ ఫంక్షన్‌కు సంభావ్యతగా (1+A)/2 ఇస్తే డి-జీరోల లెక్క వస్తుంది. ఒక్కో కణానికీ లూప్ రాయకండి, మెషీన్ కదలదు. వెయ్యిసార్లు చేస్తే తేడా సగటు −0.0016, చెదురు (ప్రామాణిక విచలనం) 0.0003 దగ్గర రావాలి. పదివేల కణాలతోనే సరిపెడితే ఒక్కో కొలతలోనే చెదురు 0.01, సంకేతం అందులో మునిగిపోతుంది.

అసలు చిక్కు ఇప్పుడు. పాసంగం పయాన్ ద్రవ్యవేగాన్ని బట్టి మారుతుంది. తక్కువ వేగానికి 0.02, ఎక్కువకి 0 పెట్టండి. కేయాన్ జట్టులో తక్కువ వేగంవి 50 శాతం, పయాన్ జట్టులో 60 శాతం ఉంచండి. పాసంగాలు 0.010, 0.012 అవుతాయి, జవాబు −0.0036కి జారుతుంది. ఎంత దత్తాంశం పోసినా ఈ తప్పు తగ్గదు. చెదురు తగ్గి, తప్పు జవాబే మరింత గట్టిగా కనిపిస్తుంది. పయాన్ జట్టులో తక్కువ వేగంవాటికి 5/6, ఎక్కువవాటికి 5/4 బరువు వేయండి. కణానికీ ప్రతికణానికీ ఒకే బరువు ఉండాలి. అప్పుడు జవాబు మళ్లీ −0.0016కి వస్తుంది.