బక్రీద్ పొట్టేళ్ళకి దాణా: ముందు వేరుశనగ చెక్క చూసుకోండి, డబ్బా పౌడర్లు తర్వాత

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మూడు నాలుగు నెలల జోడిపి (నెల్లూరు జాతి గొర్రెల్లో ఒక రకం) పొట్టేలు పిల్లల్ని సంతలో కొని, ఇంకో మూడు నెలలు మేపి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరూ అడిగేది ఒకటే, గ్రోత్‌కి ఏ పౌడర్ వేయాలన్నా అని. పౌడర్ సంగతి ఉండనీయండి, ముందు పిల్లకి రోజూ ప్రొటీన్ ఎంత పోతుందో చూడండి. 15 కిలోల పిల్ల, తేమ తీసేసి లెక్కేస్తే, రోజుకి 600 గ్రాముల దాకా మేత తింటుంది, అందులో 16 శాతం ప్రొటీన్ అంటే వంద గ్రాములకి కాస్త తక్కువ. ఉత్త జొన్న చొప్ప, బీడు గడ్డి మీద అది రాదుగాక రాదు.

దాణా ఇంట్లోనే కలుపుకోండి. 100 కిలోలకి మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 22, నూనె తీసిన తవుడు 19, కంది చున్నీ (పప్పు పట్టాక మిగిలే పొట్టు, నూక) 15, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1, సున్నపురాయి పొడి 1. దగ్గర దగ్గర 18 శాతం ప్రొటీన్ వస్తుంది. పిల్ల 20 కిలోలు దాటాక మొక్కజొన్న 50కి పెంచి చెక్క 15కి, తవుడు 16కి దించేయండి, అప్పటికి ఎక్కువ ప్రొటీన్ పెట్టినా ఉచ్చలో పోయేదే, చెక్క రేటు తెలుసు కదా. బూజు వాసన వచ్చే చెక్క సగం రేటుకిచ్చినా తేవద్దు, దాంట్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే లివర్ పోతుంది.

రోజుకి 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా 250, 300కి తీసుకెళ్ళండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే కడుపులో పులుపెక్కి పడిపోతాయి, బాగా తినే పిల్లే చిటుకు రోగంతో పొద్దున్నకి చచ్చి ఉంటుంది, అందుకే దాణా మొదలెట్టే ముందే చిటుకు టీకా, నట్టల మందు అయిపోవాలి.

మన ప్రకాశంలో సుబాబుల్‌కి కొదవలేదు, ఆకులో 20 శాతం పైనే ప్రొటీన్, చెక్క ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది, మొత్తం మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి.

ఇక కలిపేవి. మినరల్ మిక్చర్ గొర్రెలకని రాసిందే కొనండి, పశువులది, కోళ్ళది వద్దు, వాటిలో ఉండే రాగి గొర్రెకి విషం, నెలల తరబడి లివర్‌లో పేరుకుని ఒక్కరోజు చంపేస్తుంది. తవుడు, నూక ఎక్కువైన పొట్టేళ్ళకి ఉచ్చ రాళ్ళు వస్తాయి, సున్నపురాయి పొడి అందుకే వేసేది, అయినా భయముంటే దాణాలో అర శాతం అమ్మోనియం క్లోరైడ్ కలపండి, నీళ్ళు మాత్రం ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. ఈస్ట్ పౌడర్ వేస్తే నష్టం లేదు, దాణా ఎక్కువ తినేవాటికి జీర్ణానికి కొంచెం సాయం, అద్భుతాలేం జరగవు.

మోనెన్సిన్ అనే మందు మేత ఒంటబట్టడానికీ, కాక్సీడియా అనే పేగు క్రిమి వల్ల వచ్చే పారుడుకీ పనికొస్తుంది, కానీ డోసు గ్రాముల్లో, టన్ను దాణాకి లెక్క, చేత్తో చల్లి పారతో తిప్పితే ఒక పిల్లకి అంతా, ఇంకోదానికి సున్నా. డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు, ఇంట్లో గుర్రం ఉంటే అసలే వద్దు, కొంచెమైనా చస్తుంది. యూరియా కూడా ఈ వయసు పిల్లలకి వద్దు. యాంటీబయాటిక్ గ్రోత్ పౌడర్ అని ఎవరన్నా చేతిలో పెడితే లోపల ఏముందో చదవండి, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని 2019లోనే తినే జంతువులకి వాడకూడదని కేంద్రం ఆపేసింది.

వారానికోసారి, పొద్దున్నే దాణా పెట్టకముందు, అవే నాలుగైదు పిల్లల్ని తూకం వేయండి. రోజుకి 100 గ్రాములు కూడా పెరగట్లేదంటే పేడ టెస్ట్ చేయించి, చెక్క వాసన ఇంకోసారి చూసుకోండి.